గడప దాటిన సుత్తి

మా ముత్తాత రత్న్‌సీ పటేల్ కచ్‌లో ఏడు ఊళ్ళకు పెద్ద. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఆయన చెప్పిన తీర్పును కాదని పై కచేరీకి వెళ్ళినవాడు లేడని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత దేవ్‌జీ పటేల్‌కు మూడు మోట బావులుండేవి. పక్క ఊళ్ళో పెళ్ళి జరిగితే పెళ్ళికొడుకును ఊరేగించడానికి మా ఇంటి గుర్రాన్నే అడిగి తీసుకువెళ్ళేవారు. తిరిగి పంపేటప్పుడు దాని మెడలో దండ వేసి పంపేవారు. తర్వాత వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి. బావులు ఎండాయి, గుర్రం చచ్చిపోయింది. మా నాన్నగారు ప్రేమ్‌జీ పదిహేనో ఏట మేనమామ వెంట రైలెక్కి, ఒక్క ముక్క భాష రాని దేశంలో, రాజమండ్రికి ఎగువన గోదావరి గట్టు మీద ఉన్న మా ఊళ్ళో దిగారు. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళకు ఎలాగూ తెలుసు, మిగిలినవాళ్ళకు అక్కర్లేదు. అక్కడే మేనమామ కర్రల అడితిలో దుంగలు దొర్లించి, తర్వాత సొంతంగా అడితి పెట్టి, కోత మిల్లు కట్టి, పంచాయితీకి ప్రెసిడెంటయ్యి, ఆ పైన సమితి ప్రెసిడెంటయ్యారు. ఇవన్నీ ముందే ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత రాసేది చదివాక ఇవి ఎవరికీ గుర్తుండవు. ఎంత ఎత్తు నుంచి పడ్డామో తెలియకుండా పడ్డ సంగతి ఒక్కటే తెలుసుకోవడం న్యాయం కాదు.

పోయిన నెలలో ఒకాయన మా ఇంటికి వచ్చారు. పాత ఇళ్ళు పడగొట్టి కలప కొనే వ్యాపారం ఆయనది. పెనుగొండ దగ్గర ఒక మేడ పడగొడితే దూలం చివర ఏదో ముద్ర కనిపించిందట. ఎవరో నా చిరునామా చెబితే వెతుక్కుంటూ వచ్చారు. ఫోనులో ఫోటో చూపించి, "ఈ ముద్ర మీవాళ్ళదేనాండి?" అని అడిగారు.

"ఎందుకండి?"

"మంచి చేవండి. చీడ లేదు, పగులు లేదు. ఇలాంటిది ఇప్పుడు కళ్ళతో చూద్దామన్నా లేదు. ఎవరి కలపో తెలిస్తే కొనేవాళ్ళకి చెప్పుకోడానికి బాగుంటుంది కదాండి, అందుకని."

గుండ్రటి గీత, లోపల మా ముత్తాత పేరుకు రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఆర్, పి. గీత కింద ఎడమ పక్క గోరంత తెగి ఉంటుంది. ఫోటోలో కూడా తెగి ఉంది. "మాదే" అని చెప్పి లేచి నిలబడ్డాను. ఆయన్ని కూర్చోమనలేదు. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు. అది మా ఇంటి మర్యాద కాదు. కాని కూర్చుంటే ఇంకా అడుగుతారు, అడిగితే చెప్పాలి. ఆయనకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

కర్ర వ్యాపారం తెలియనివారికి ఆ ముద్ర సంగతి ముందు చెప్పాలి. ఏజెన్సీ అడవిలో సర్కారు వేలం వేసిన చెట్లను వ్యాపారి కొనుక్కుంటాడు. ఆ చెట్లు నరికే చోటును కూపు అంటారు. నరికిన దుంగ కోసిన ముఖం మీద ఫారెస్టు వాళ్ళు తమ సుత్తితో ఒక దెబ్బ కొడతారు. అది సర్కారు ముద్ర. దాని పక్కనే వ్యాపారి తన సుత్తితో ఇంకో దెబ్బ కొడతాడు. అది యజమాని ముద్ర. రెండు ముద్రలూ ఉంటేనే ఆ దుంగ చెక్‌పోస్టు దాటుతుంది. వ్యాపారి సుత్తి అచ్చు ఫారెస్టు ఆఫీసు రిజిస్టరులో ఉంటుంది. అలాంటి అచ్చు ఇంకొకడికి ఉండడానికి వీల్లేదు. మా సుత్తి మొదటి ఏడాదే ఒక బండరాయికి తగిలి గీత దగ్గర చిన్న ముక్క ఎగిరిపోయింది. బాగుచేయిద్దామని కమ్మరి అంటే మా నాన్నగారు వద్దన్నారు. ఆ లోటు ఉంటేనే మనదని తెలుస్తుంది అన్నారు. ఆ సుత్తి మా ఇంట్లో దేవుడి అలమరలో, ఎర్ర గుడ్డలో చుట్టి ఉండేది. దసరాకు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. ఏడాదికి రెండుసార్లు, కూపు కోతలప్పుడు, మా నాన్నగారే దాన్ని సంచిలో పెట్టుకుని లాంచీ ఎక్కి వెళ్ళి, ప్రతి దుంగనూ తన చేత్తో కొట్టి వచ్చేవారు. మా వాళ్ళలో దానికొక కట్టు ఉంది. సుత్తి ఇంట్లోవాళ్ళ చేతిలో తప్ప గడప దాటకూడదు. మేనమామ సుత్తి మేనల్లుడి చేతికి కూడా ఇవ్వడు. అందుకే మా నాన్నగారు వేరే సుత్తి చేయించుకోవలసి వచ్చింది.

ఇల్లు అడితి వెనకే ఉండేది. నాకు తెల్లవారడమంటే రంపపు పొట్టు వాసన. తడిసిన టేకుకు ఒక వాసన ఉంటుంది, కొత్త తోలుకూ నూనెకూ మధ్య ఎక్కడో. మద్ది కోస్తే పుల్లగా ముక్కుకు తగిలేది. మా అమ్మను మేం బా అనేవాళ్ళం, నాన్నను బాపా. బా పొయ్యి మీద సజ్జ రొట్టెలు కాలుస్తూ ఉంటే ఆ వాసన కోత మిల్లు వైపు నుంచి వచ్చే వాసనతో కలిసిపోయేది. రొట్టె మీద బెల్లం, నెయ్యి, పక్కన మజ్జిగ. ఆ ఊరికి వచ్చిన పదేళ్ళకు బా ఆవకాయ పెట్టడం నేర్చుకుంది గాని అందులో బెల్లం వెయ్యకుండా ఉండలేకపోయింది. పక్కింటివాళ్ళు రుచి చూసి, "బాగుందండి, పిల్లలు తింటారు" అనేవారు. అది మెప్పు కాదని బాకు చాలా ఏళ్ళ వరకూ తెలియదు. బాపా సాసరులో టీ పోసుకుని రెండు గుక్కల్లో తాగి, ధోవతి పైకి కట్టి, కొత్తగా వచ్చిన దుంగల మధ్యకు వెళ్ళేవారు. గొడ్డలి మడమతో దుంగ మీద కొట్టి చెవి ఆనించి వినేవారు. లోపల పుచ్చు ఉంటే చప్పుడు మెత్తగా వస్తుంది. చేవ ఉంటే గంట కొట్టినట్టు వస్తుంది. ఆ చెవి ఎప్పుడూ తప్పలేదు. మనుషుల విషయంలోనూ తప్పదని ఆయన అనుకునేవారు.

బాపా తెలుగు నేర్చుకున్నది కొట్లో, కొనడానికి వచ్చినవాళ్ళ దగ్గర. అందుకని ఆయనకు 'నువ్వు' అనడం రాలేదు. చంటిపిల్లల నుంచి బండివాళ్ళ దాకా అందరూ మీరే. ఒకసారి రంపం పట్టే అప్పారావు మేకు చూసుకోకుండా దుంగ ఎక్కించి కొత్త పట్టీ రంపం తెంపేశాడు. బాపా కోపంతో, "అప్పారావు గారూ, మీరు ఉత్త గాడిదలండి" అన్నారు. మిల్లు మిల్లంతా నవ్వింది, అప్పారావు కూడా నవ్వాడు. తర్వాత చాలా కాలం ఊళ్ళో మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకుంటే ఆ మాటే అనుకునేవారు. ఆయనకు తీరని కష్టం ఇంటిపేరు. ఎక్కడికి వెళ్ళినా, "మీ ఇంటిపేరేంటండి?" అని అడిగేవారు. మా వాళ్ళలో అలాంటిది లేదు, పటేల్ అన్నది ఊరి పెద్దరికానికి పిలుపే. చివరికి ఊరే పెట్టింది. ఓటర్ల జాబితాలో 'అడితి ప్రేమ్‌జీ' అని పడింది. ఆ కాగితం ఇంటికి తెచ్చి బాకు చదివి వినిపించిన రోజు ఆయన ముఖంలో ఉన్న సంతోషం, తర్వాత ప్రెసిడెంటు అయిన రోజు కూడా నేను చూడలేదు.

నేనొక్కదాన్నే సంతానం. కాలేజీకి రాజమండ్రి వెళ్ళి వచ్చాక బాపా నన్ను ఇంట్లో కూర్చోబెట్టలేదు. టేపు చేతికిచ్చి దుంగ చుట్టుకొలత తియ్యడం, ఘనపుటడుగులు కట్టడం నేర్పారు. వెన్ను ఎటు ఉందో, ఏ వైపు కోస్తే పలక వంకర తిరగదో నేర్పారు. తెప్ప వచ్చిన రోజుల్లో గట్టు దిగి నేనే దుంగలు లెక్క చూసేదాన్ని. పచ్చి టేకు నీళ్ళలో మునుగుతుంది కాబట్టి అటూ ఇటూ వెదుళ్ళు కట్టి తెప్పలుగా వదిలేవారు. లారీలు వచ్చిన రోజుల్లో కూడా బాపా నమ్మకం తెప్పల మీదే. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి అడితిలో సగం పని నాది. "మీకు కొడుకు లేని లోటు లేదండి" అని ఎవరైనా అంటే బాపా, "లోటు ఎవరన్నారండి?" అనేవారు. ఆ మాట నేను నమ్మాను. ఈ కథలో నా తప్పు ఏదైనా ఉంటే అక్కడ మొదలయింది.

ఆయన్ని రాజకీయాల్లోకి తెచ్చింది వీర్రాజు గారు. ఇసుక, కంకర కాంట్రాక్టులు చేసేవారు. రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవారు. బాపాకు తెలుగు చదవడం అలా వచ్చిందే. పంచాయితీ ఎన్నికలు వచ్చినప్పుడు అవతలి వర్గంవాళ్ళు మైకులో, "కర్ర అమ్ముకోడానికి ఎక్కడి నుంచో వచ్చిన సేటు మనకి ప్రెసిడెంటేంటండీ?" అన్నారు. మర్నాడు అదే చోట వీర్రాజు గారు మైకు తీసుకుని, "ఆయన కర్ర లేని ద్వారబంధం మీ ఇంట్లో ఉందేంటండీ? పుట్టినప్పుడు ఉయ్యాల ఆయన కర్రే, పోయాక పాడె ఆయన కర్రే. మధ్యలో ఒక్క ఓటు వెయ్యడానికి మీకొచ్చిన కష్టం ఏంటంట?" అన్నారు. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వుతోనే బాపా గెలిచారు. రెండోసారి సమితికి నిలబడితే పోటీయే లేకపోయింది. తర్వాత ఎమ్మెల్యే టిక్కెట్టు మాట మొదలయింది. అరుగు మీద ఎప్పుడూ పది జతల చెప్పులుండేవి. బా టీ కాచి కాచి, పాలవాడికి వాడుక రెట్టింపు చెప్పింది.

పదవి వచ్చాక బాపాకు అడవికి వెళ్ళే తీరిక పోయింది. మీటింగులు, రోడ్ల శంకుస్థాపనలు, పెద్దలతో పాటు కార్లలో తిరగడం. కూపులో మా దుంగలు ముద్ర లేక, కదలడానికి వీల్లేక పడి ఉన్నాయి. ఒక సాయంత్రం వీర్రాజు గారు పేపరు మడిచి పక్కన పెట్టి, "సేటు గారూ, ఓ మాటండి. మీరు ఊళ్ళు పట్టుకు తిరుగుతా ఉంటే అక్కడ దుంగలు చెదపట్టిపోతున్నాయి. ఆ సుత్తి నాకివ్వండి. కంకర పనికి ఎలాగూ అటే వెళ్తన్నాను. కొట్టించుకొచ్చేస్తాను" అన్నారు.

బాపా నవ్వి, "సుత్తి ఇంట్లోవాళ్ళ చేతిలోనే వెళ్ళాలండి. అది మా పద్ధతండి" అన్నారు.

నేను గుమ్మంలో ఉన్నాను. "నేను వెళ్తాను బాపా. గార్డులందరికీ నేను తెలుసు. రెండు రోజుల పని" అన్నాను.

వీర్రాజు గారు నా వైపు తిరిగారు. చెడ్డగా ఏమీ అనలేదు. "బాగుందమ్మా. ప్రెసిడెంటు గారి అమ్మాయి సుత్తి పుచ్చుకుని అడవిలో తిరుగుతుందంట అని రేపు పేటపేటకీ చెప్పరూ? టిక్కెట్టుకి అడ్డం పడేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి చెప్పండి?" అన్నారు. బాపా ఏదో అంటారని చూశాను. ఆయన నేల చూస్తూ ఉన్నారు. వీర్రాజు గారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నారు. "ఆయ్, అలాగేలెండి. ఇరవై ఏళ్ళు ఈ అరుగు మీద కూర్చున్నా నేను ఇంట్లోవాణ్ణి కాదన్నమాట. ఊళ్ళోవాళ్ళు అంటానే ఉన్నారు, సేట్లకి సేట్లే అని. నేనే ఒప్పుకోలేదు."

బాపా లేచి లోపలికి వెళ్ళారు. దేవుడి అలమరకు అడ్డంగా బా నిలబడి ఉంది. మా భాషలో, మెల్లగా, "గడప దాటకూడదు" అంది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ కచ్చీలోనే మాట్లాడుకునేవారు. ఆ రోజు మాత్రం బాపా అరుగు మీదికి వినబడేలా తెలుగులో, "వీర్రాజు గారు కూడా ఇంట్లోవారేనండి" అన్నారు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన బాను అండీ అనడం అదొక్కసారే. బా పక్కకు తప్పుకుంది. ఎర్ర గుడ్డతో సహా సుత్తి వెళ్ళింది.

వారానికి తిరిగి వచ్చింది. మా దుంగలూ సక్రమంగా దిగాయి. ఆ తర్వాత రెండు కోతలకూ వీర్రాజు గారే తీసుకువెళ్ళారు, ఒకసారి వారానికని తీసుకువెళ్ళి నెలన్నర ఉంచుకున్నారు. అది తిరిగి వచ్చినప్పుడు నేను గుడ్డ విప్పి చూశాను. అక్షరాల సందుల్లో జిగురూ బెరడూ పట్టి గట్టిపడి ఉన్నాయి. మా దుంగలు కొన్నే. ఆ కొద్ది దెబ్బలకు సుత్తి ముఖం అలా కాదు. మావి కాని దుంగల మీద కూడా అది పడిందని నాకు ఆ క్షణమే తెలిసింది. చెప్పలేదు. నన్ను పంపనివాళ్ళకు నేనెందుకు చెప్పాలని సూదితో ఆ జిగురు గీసి శుభ్రం చేసి, గుడ్డ చుట్టి అలమరలో పెట్టేశాను. మా వంశంలో మగవాళ్ళకే కాదు, నాకూ ఉంది పంతం అనే ఆ జబ్బు.

ఆ ఏడు శ్రావణంలో గోదావరి గట్టు ఒరుసుకుని పారింది. మూడు రోజులు బాపా గట్టు మీదే ఉన్నారు. వానలో గొడుగు లేకుండా, మోకాళ్ళ దాకా బురదలో. పల్లపు పేట దగ్గర గట్టు కోసుకుపోతుంటే మా అడితిలోని సరుగుడు వాసాలన్నీ, కోతకు పెట్టిన మద్ది దుంగలన్నీ బండ్ల మీద తెప్పించి పాతించారు. అప్పారావూ మిగిలిన పనివాళ్ళూ నడుముకు తాళ్ళు కట్టుకుని దిగారు. ఆడవాళ్ళు గంజి కాచి తెచ్చి, "మా ప్రెసిడెంటు గారికి ముందు పొయ్యండి" అనేవారు. నేను విన్నాను. మా అనే మాట విన్నాను. బాపా కూడా విన్నారు. గట్టు నిలబడింది. నాలుగో రోజు నీరు తియ్యడం మొదలయింది.

మా ఊరి దగ్గర నది మలుపు తిరుగుతుంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చేదంతా ఆ మలుపులో ఇసుక మీద పడేసి పోతుంది. నీరు తీశాక అక్కడ వెదుళ్ళూ తాళ్ళూ చిక్కుపడి, తెగిన తెప్పలు కనిపించాయి. వాటి నిండా టేకు దుంగలు. ఎక్కడో ఎగువన వాగు మూతిలో కట్టి దాచిపెట్టిన తెప్పలను వరద లాక్కొచ్చింది. జనం ముందు పొయ్యిలోకి దొరికిందని పరిగెత్తారు. తర్వాత దుంగల ముఖాలు చూసి ఆగిపోయారు. ప్రతి దాని మీదా గుండ్రటి గీత, ఆర్, పి. పక్కన సర్కారు ముద్ర లేదు. ఒక్కదాని మీద కూడా లేదు.

ఫారెస్టు రేంజరు వచ్చేసరికి మధ్యాహ్నమయింది. పెద్ద వయసు మనిషి, బాపాను చాలా ఏళ్ళుగా ఎరుగును. గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది. వీర్రాజు గారు బాపా పక్కనే ఉన్నారు, ముఖం నెత్తురు లేనట్టుంది. నేను బాపాకు ఇంకో పక్క ఉన్నాను. రేంజరు చుట్టూ చూసి, అందరికీ వినబడేలా, "ప్రెసిడెంటు గారూ, ఏజెన్సీలో దొంగ సుత్తులు చేయించేవాళ్ళు ఎక్కువయ్యారండి. ఇదీ అలాంటిదే అయ్యుంటుంది. ఈ ముద్ర మాది కాదని ఒక్క కాగితం రాసివ్వండి, చాలు" అన్నారు. దారి చూపించారు ఆయన. దొంగతనం చెయ్యనివాడికి కూడా అంతకంటే మర్యాదగా దారి చూపించరు.

"అంతేనండి. అంతే. రాసిచ్చెయ్యండి సేటు గారూ" అన్నారు వీర్రాజు గారు.

బాపా ఇసుకలోకి దిగారు. ఒక దుంగ ముందు కూర్చుని కండువాతో బురద తుడిచారు. గీత కింద ఎడమ పక్క, తెగిన చోట వేలు పెట్టి చూశారు. ఇంకో దుంగ. ఇంకొకటి. నాలుగు చూసి లేచి మళ్ళీ గట్టెక్కారు. "సుత్తి మాదేనండి" అన్నారు.

రేంజరు ఒక అడుగు ముందుకు వేశారు. "మీరు పదవిలో ఉన్నారు, అడవికి రావడం లేదని నాకు తెలుసండి. ఎవరికైనా ఇచ్చారాండి?"

ఆ ప్రశ్నకు నిజం ఒక్క పేరు. ఆ పేరు గల మనిషి మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. బాపా ఆయన వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. గట్టు మీది జనాన్ని చూశారు. "మా సుత్తి పరాయి చేతికి వెళ్ళదండి. అది మా పద్ధతండి" అన్నారు.

నా నాలుక మీద ఉంది పేరు. అనలేదు. నలుగురిలో ఆయన మాటను కాదనడం మా ఇంట్లో లేదు. వెనక నుంచి ఎవరో, గట్టిగా కూడా కాదు, మామూలుగా, "ఎంతైనా సేటు సేటేనండి" అన్నారు. ఇంకెవరో అవునన్నారు. మూడు రోజుల కింద గంజి తెచ్చిన ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని ఇళ్ళ దారి పట్టారు. రేంజరు సుత్తి స్వాధీనం చెయ్యమన్నారు. బాపా నాతో, కచ్చీలో కాదు, తెలుగులో, "తీసుకురండి" అన్నారు. కూతురికి అండీ. నేను ఇంటికి వెళ్ళి అలమర తెరిచి, గుడ్డతో సహా తీసి, రెండు చేతులా పట్టుకుని గట్టు మీదికి తెచ్చాను. ఒక్కసారి నా చేతిలో దాన్ని అడవికి పంపించమని అడిగినదాన్ని నేను. చివరికి నా చేతిలో అది వెళ్ళింది రేంజరు దగ్గరికి.

చాలా ఏళ్ళు నేను ఆ మధ్యాహ్నాన్ని తలచుకుని గర్వపడ్డాను. మా నాన్న అబద్ధం ఆడి బయటపడలేదు అనుకున్నాను. నిజమే, మొదటి ప్రశ్నకు ఆడలేదు. రెండో ప్రశ్నకు ఆడారు. దొంగ అనిపించుకోవడానికి ఒప్పుకున్నారు గాని, సుత్తిని పరాయివాడికిచ్చిన పటేల్ అనిపించుకోవడానికి ఒప్పుకోలేదు. లేకపోతే, వీర్రాజు గారి పేరు చెబితే ఊరివాణ్ణి పట్టించిన సేటు అంటారని భయపడ్డారో. ఏది కారణమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫలితం ఏదైనా ఒకటే. ఆయన రాజీనామా చేశారు. ముద్ర రద్దయింది, మిల్లు లైసెన్సు పోయింది, కేసు ఆయన ఆయుష్షు కంటే ఎక్కువ కాలం నడిచింది. వీర్రాజు గారు ఒక్కసారి వచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చారు. బాపా ఆయనకు టీ ఇప్పించి, "పేపరులో ఏంటండి విశేషం?" అని అడిగారు. తర్వాత ఆ ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నది వీర్రాజు గారే. టేకు ఇంకెవరి ముద్రతోనో దిగుతూనే ఉంది. ఆ రోజు ఒక్క పేరు చెప్పి ఉంటే ఎన్ని చెట్లు నిలిచేవో అని ఇప్పుడు లాంచీ మీద వెళ్ళినప్పుడల్లా ఆ కొండలు చూసి అనుకుంటాను. బోసి కొండలు. మా ఇంటి పరువు కోసం మేం మూయించిన నోళ్ళలో నాది ఒకటి.

బాపా ఒకసారి కచ్ వెళ్ళారు, అక్కడే ఉండిపోదామని. అక్కడివాళ్ళు ఆయన్ని ఆంధ్రా ప్రేమ్‌జీ అన్నారు. ఆయన కచ్చీలో మధ్య మధ్య అండీ దొర్లుతోందని పిల్లలు నవ్వారట. పదిహేను రోజులకు తిరిగి వచ్చేశారు. వచ్చాక ప్రతి ఉదయం టీ తాగి, ధోవతి పైకి కట్టి ఖాళీ అడితిలోకి వెళ్ళి నిలబడేవారు. వినడానికి అక్కడ దుంగలు లేవు. ఎండకు పొట్టు వాసన కూడా పోయింది. మనిషి మాట్లాడడం తగ్గించారు, చివరికి ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి నమస్కారం పెట్టడం ఒక్కటే మిగిలింది. ఊరి నుంచి శవం వెంట వచ్చినవాళ్ళు పదిమంది. వాళ్ళలో అప్పారావు ఒకడు.

ఇప్పుడు ఎవరి ఇంటికి వెళ్ళినా తలుపులు ప్లైవుడ్డువి, ద్వారబంధాలు సిమెంటువో ఇనుమువో. వేలితో కొడితే ఒక్కటీ పలకదు. కర్ర లేకుండా బతకడం జనం నేర్చుకున్నారు, మేం లేకుండా బతకడం అంతకు ముందే నేర్చుకున్నారు. ఆ ఊళ్ళో పాతికేళ్ళ లోపు వాళ్ళను ఆపి అడితి ప్రేమ్‌జీ ఎవరని అడిగితే తెలియదు. పెద్దవాళ్ళను అడిగితే ఒక్క సంగతే చెబుతారు, వరదలో కొట్టుకొచ్చిన దొంగ టేకు. గట్టు ఎవరు నిలబెట్టారో చెప్పరు. నేను కూడా ఎవరికీ గుర్తు చెయ్యను. అడుక్కుని తెచ్చుకునే పేరు మాకొద్దు. ఇది రాస్తున్నది కూడా ఆ పేరు కోసం కాదు. చెప్పవలసిన మాట చెప్పని మనుషులు మా ఇంట్లోవాళ్ళే ఇద్దరున్నారు ఆ గట్టు మీద, అందులో ఒకరు బతికే ఉన్నారని తెలియడానికి.

కోత మిల్లు యంత్రాలు ముందు అమ్మాం. అడితి స్థలం మూడు ముక్కలు చేసి ముగ్గురికి అమ్మాం. బా పోయిన మరుసటి ఏడు ఇల్లు కూడా అమ్మాను. కాగితం మీద వారసురాలి సంతకం ఒక్కటే పడింది.